‘డైవర్జ్’ అంటే విడిపోవడమేనా?

హన్మకొండ విద్యార్థి:
పోటీ పరీక్షకు చదువుతూ ‘డైవర్జ్’ అనే ఇంగ్లిషు క్రియకు ‘విడిపోవు’ అని రాసుకున్నాను. ఆ ధైర్యంతో, భార్యాభర్తలు విడిపోయారనే అర్థంలో దాన్ని వాడితే, కోచింగ్‌లో సార్ ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, కారణం చెప్పకుండానే కాగితం తిరిగి ఇచ్చారు. తప్పెక్కడుందో పెద్దలు చెప్పగలరా?

జనగామ ఇంగ్లిషు పంతులు:
తప్పు మీరు రాసుకున్న అర్థంలోనే ఉంది. లాటిన్‌లో ‘డిస్’ అంటే వేర్వేరుగా, ‘వెర్గెరె’ అంటే ఒరగడం, ఒకవైపు మొగ్గడం. ఈ రెండూ కలిసిన మాట 17వ శతాబ్దంలో ఇంగ్లిషులోకి వచ్చి, మొదట కాంతిశాస్త్రంలో కిరణాల గురించి చెప్పడానికి వాడుకైంది. అందులో తెగడం లేదు, ఒరగడమే ఉంది. ‘డైవోర్స్’ చెవికి దగ్గరగా వినిపించినా, దాని మూలం తిరగడమనే అర్థమున్న ‘వెర్టెరె’.

కాజీపేట విశ్రాంత రైల్వే ఉద్యోగి:
పంతులు గారి మాటను మా జంక్షన్‌లో కళ్లారా చూడవచ్చు. సికింద్రాబాద్ నుంచి వచ్చిన దారి ఇక్కడ రెండుగా మారి, ఒకటి వరంగల్, డోర్నకల్ మీదుగా విజయవాడకు, మరొకటి జమ్మికుంట, రామగుండం మీదుగా బల్లార్షాకు వెళుతుంది. పాయింట్ల దగ్గర, అంటే బండిని ఒక దారి నుంచి మరో దారికి మళ్లించే చోట, వంగి చూస్తే, కొస సన్నగా చెక్కిన పట్టా పక్క పట్టాను ఒరుసుకుని మొదలై, ఎక్కడ దూరం జరిగిందో చెప్పలేనంత మెల్లగా ఎడమవుతుంది. ఆ కొసకూ పక్క పట్టాకూ మధ్య చిన్న రాయి ఇరుక్కున్నా మాకు గుండె గుభేలుమనేది, అది వేరే కథ.

కరీంనగర్ లెక్కల సార్:
చిన్న అభ్యంతరం. 1, 1/2, 1/3, 1/4 అంటూ కూడుకుంటూ పోతే, పదాలు సున్నాకు చేరువవుతున్నా మొత్తం మాత్రం ఎక్కడా ఆగదు. దీన్ని మేము అపసరణ శ్రేణి అంటాం, ఇంగ్లిషులో ఇదే క్రియ వాడతారు. ఇక్కడ రెండు దారులెక్కడివి?

జనగామ ఇంగ్లిషు పంతులు:
దారులు లేకపోయినా మొగ్గు ఉంది కదా, సార్. మొత్తం ఒక విలువ వైపు మొగ్గితే ‘కన్వర్జ్’, ఏ విలువకూ మొగ్గకపోతే ‘డైవర్జ్’.

హన్మకొండ విద్యార్థి:
అందరికీ ధన్యవాదాలు. మా ఊళ్లో ‘తొవ్వ చీలుతది’ అంటారు గానీ, చీలడంలోనూ చీరేసిన గుణం ఉంది కాబట్టి, రైల్వే పెద్దాయన మాటనే తీసుకుని ‘ఎడమవు’ అని దిద్దుకున్నాను. భార్యాభర్తల వాక్యంలో ‘సెపరేట్’ పెట్టి రేపు సార్‌కు చూపిస్తాను.