డంపింగ్ యార్డు ఎత్తేసిన స్థలంలో పార్కు, ఆకుకూరల మళ్లు వేసుకోవచ్చా?

ప్రశ్న:
మా కాలనీ వెనక పాతికేళ్లుగా ఊరి చెత్తంతా పోసిన 4 ఎకరాల స్థలం ఉంది. రెండేళ్ల కిందట మిషన్లు పెట్టి గుట్టంతా జల్లించారు. ఇప్పుడు చదునుగా ఉంది, సర్కారు తుమ్మ మొలిచింది. పార్కు చేసుకోమంటున్నారు. మా సంఘంలో ఆడవాళ్లం ఓ పక్క ఆకుకూరలు వేద్దామంటున్నాం, మగవాళ్లు ఫంక్షన్లకు హాలు కడదామంటున్నారు. ముందు ఏం చూసుకోవాలండీ?

జవాబు:
మట్టి తీసుకెళ్లి భూసార పరీక్ష చేయించండి మేడమ్. వ్యవసాయ శాఖ వాళ్లే చేస్తారు.

మరో జవాబు:
పై ఆయన మాట పొలానికైతే సరే. భూసార కార్డులో చూసేవి 12: నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు లాంటివి. మీకు భయం సీసం, కాడ్మియం లాంటి విషపు భారలోహాలతో. పాత బ్యాటరీలు, ట్యూబులైట్లు, రంగు డబ్బాలు పడింది ఆ చెత్తలోనే కదా. కార్డు బాగుందని అక్కడి తోటకూర తినేయకండి. భారలోహాలు చూసే, ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల పనితీరు చూసి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపున్న ల్యాబుకు పంపండి. పైమట్టి ఒక్కటే కాదు, మూడడుగుల లోతు మట్టి కూడా.

దానికన్నా ముందు, గుట్టను ఎత్తారా, కప్పారా? హైదరాబాద్ జవహర్‌నగర్ యార్డులో చెత్తను అక్కడే ఉంచి పైన కప్పారు. ఇందోర్ దేవ్‌గురాడియా యార్డులో జల్లించి ఎత్తేసి చెట్లు పెట్టారు. రెండూ ఒకటి కాదు. నేను ఇలాంటి సైటులో సూపర్‌వైజరుగా చేశాను. చెత్తను వరసలుగా పోసి, కల్చర్ (చెత్తను కుళ్లబెట్టే సూక్ష్మజీవుల ద్రావణం) చల్లి, వారానికోసారి తిరగేసి, ఆరాక ట్రోమెల్లో, అంటే తిరిగే పెద్ద జల్లెడ డ్రమ్ములో, జల్లిస్తారు. ప్లాస్టిక్, గుడ్డపేలికలు సిమెంటు ఫ్యాక్టరీలకు పోతాయి. సన్నమట్టిని మాత్రం చాలాసార్లు అక్కడే పరిచేస్తారు. ఎరువు అంటారు గానీ, పిడికెడు తీసి చూడండి, గాజుపెంకులు, షాంపూ ప్యాకెట్ల ముక్కలు తగుల్తాయి.

జేసీబీ పెట్టి నాలుగు చోట్ల ఏడడుగుల గుంతలు తీయించండి. అసలు నేల తగిలితే సంతోషం. నల్లగా, జిగటగా, కుళ్లిన గుడ్డు వాసనతో కవర్లు వస్తే కింద చెత్త ఇంకా ఉన్నట్టే. గుంతలోకి ఎవరూ దిగొద్దు, దగ్గర్లో బీడీ వెలిగించొద్దు.

అడిగినవారు:
వానలకు పల్లపు మూలన టీ డికాక్షన్ లాంటి నీళ్లు ఊరుతున్నాయండీ. వాసన కూడా.

జవాబు:
అది చెత్త ఊట. అయితే పని సగంలో ఆపేశారు. హాలు మాట వదిలేయండి. నేల కుంగి గోడలు బీటలిస్తాయి, కుళ్లే చెత్తలోంచి వచ్చే మీథేన్ అనే మండే గ్యాసు మూసిన గదిలో చేరుతుంది. మూసేసిన చెత్త స్థలాన్ని 15 ఏళ్లు గమనించాకే, అదీ గ్యాసూ ఊటా పరీక్షించి, నేల గట్టిదనం చూసుకున్నాకే నివాసానికి ఆలోచించాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లోనే రాశారు. ఆ మూలకు కంచె వేయించండి, చుట్టుపక్కల బోర్ల నీళ్లు కూడా పరీక్షకివ్వండి.

10 రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఎన్ని టన్నులు జల్లించారు, ఏది ఎక్కడికి పంపారు, ల్యాబు రిపోర్టులేవి అని అడగండి. లెక్క లేకుండా కాంట్రాక్టరుకు బిల్లు కాదు కదా, కాగితాలుంటాయి.

ఆకుకూరలు మానక్కర్లేదు. నేలలో వేయకుండా, సిమెంటు తొట్లలో బయటి ఎర్రమట్టి పోసి వేసుకోండి.

అడిగినవారు:
సోమవారానికి జేసీబీ మాట్లాడాం. ఫొటోలు పెడతాను.

జవాబు:
తవ్వేటప్పుడు గాలి వచ్చే వైపు నిలబడండి.