నెల్లూరు నుంచి ఒంగోలు సైకిళ్ల మీద, మధ్యలో సముద్రం ఒడ్డున ఒక రాత్రి – రోజుకి ఎంత దూరం పెట్టుకోవచ్చు?

పెన్నాగట్టు:
అన్నలూ ఒక సలహా కావాల. మాది నెల్లూరు, ఆదివారం పొద్దున్నే మైపాడు దాకా తొక్కి టిఫిన్ చేసి వచ్చేసే బ్యాచ్. సంక్రాంతి అయిపోయినాక ఒక శనాదివారం ఒంగోలు దాకా పోదాం, రాత్రికి టెంట్లు ఏసుకుందాం అనుకుంటుండాం. తొమ్మిది మందిమి, ఇద్దరు యాభై దాటినోళ్లు, ఇంజినీరింగ్ చదివే అమ్మాయి ఒకతి వాళ్ల నాన్నతో వస్తాది. మొత్తం 120 కిలోమీటర్లు చిల్లర కదా, మొదటిరోజే పాకల బీచ్ దాకా లాగేస్తే రెండోరోజు తేలిగ్గా ఒంగోలు చేరి సైకిళ్లు టాటా ఏస్‌లో ఎక్కించి వచ్చేయొచ్చని మావోడొకడు అంటుండాడు. హైవే వద్దు, మ్యాప్‌లో సముద్రం పక్కనే రోడ్డు కనపడతాది, దాంట్లోనే పోదాం అని ఇంకొకడు. సామాను మోసుకుంటా ఎంత దూరం పోగలమో, యాడ పడుకోవాలో ఈ దోవన పోయినోళ్లు చెప్పండబ్బా.

ఒంగోలు గిత్త:
పాకల అంటే సింగరాయకొండ దాటి ఇంకా లోపలికి, నెల్లూరు నుంచి దగ్గర దగ్గర వంద. ఉత్త సైకిల్ మీద వంద తొక్కడం వేరు, టెంటు, పక్కబట్టలు, గిన్నెలు, నీళ్లు కట్టుకుని తొక్కడం వేరు. గుంపులో అయితే ఇంకా కష్టం, ఎందుకంటే అందరిలోకీ మెల్లగా తొక్కే మనిషి ఎంత పోతే గుంపు అంతే పోతది, పైగా ఒకరికి టీ అంటే తొమ్మిది మందీ ఆగాల్సిందే. ఆగేవి కూడా కలుపుకుంటే గంటకి పన్నెండు కిలోమీటర్లు వస్తే గొప్ప.

నేనైతే ప్లాను తిరగేస్తా. జనవరిలో గాలి ఈశాన్యం నుంచి వీస్తది, మీరు నెల్లూరులో బయల్దేరితే రెండు రోజులూ ఎదురుగాలే. టాటా ఏస్ ఎట్టాగూ మాట్లాడుకుంటున్నారు కదా, అదేదో ముందే మాట్లాడుకుని శుక్రవారం రాత్రికి ఒంగోలు వచ్చేయండి, శనివారం తెల్లారకముందే దక్షిణానికి తిరిగితే గాలి వీపు మీదుంటది. మొదటిరోజు సింగరాయకొండ, ఉలవపాడు మీదుగా కావలి, ఆడ నుంచి తూర్పుకి సుమారు 10 కిలోమీటర్లు పోతే తుమ్మలపెంట బీచ్. అంతా కలిపి 75 దాకా అవుతది. రెండోరోజు నెల్లూరుకి 65 అటూ ఇటూ. ఎవరి ఇంటికి వాళ్లు తొక్కుకుంటానే పోవచ్చు.

ఉప్పుమడుల రోడ్డు:
ఆ సముద్రం పక్క రోడ్డు చూసి మోసపోవద్దు బ్రదర్. మ్యాప్‌లో గీత బాగానే కనపడుద్ది, కానీ ఒడ్డుకీ హైవేకీ మధ్యలో బకింగ్‌హామ్ కాలవ ఉంది, వంతెనలు కొన్నిచోట్లే ఉంటాయి, దానికితోడు పాలేరు, మన్నేరు లాంటివి సముద్రంలో కలిసేచోట దోవ తెగిపోద్ది. ఊరి చివర రొయ్యల గుంటల గట్టు మీద తేలి మళ్లీ వెనక్కి రావడమే. లోపల తిరగాలని అంత ఆశగా ఉంటే ఒక్క ముక్క పెట్టుకోండి, మిగతాది హైవేనే. హైవే మీద సర్వీసు రోడ్డు దొరికినచోట దాంట్లోనే పోండి, కాకపోతే ఎదురు బండ్లు అందులోనే వస్తాయి, ముందు మనిషి చెయ్యెత్తి సైగ చెయ్యాలి.

ఇంకోటి, హైవే అంచున పేలిపోయిన లారీ టైర్ల తీగముక్కలు, లోపలి రోడ్లలో చిల్లకంప ముళ్లు. పంచర్లు ఖాయం. మీలో 700 సైజు చక్రాలోళ్లు (సన్న టైర్ల రోడ్డు సైకిళ్లు) ఉంటే ట్యూబులు మనిషికి రెండు తెచ్చుకోండి, చిన్న ఊళ్లలో ఆ సైజు దొరకదు, పంచర్ షాపు గాలిగొట్టం కూడా ఆ సన్న వాల్వుకి పట్టదు.

గాలిమర:
గాలి గురించి గిత్త అన్న చెప్పింది సగమే కరెక్టు. తెల్లారుజామున నేల మీది గాలి చాలా తక్కువ, ఉన్నా పడమర వైపు నుంచే, అది పెద్ద లెక్కలోది కాదు. తొమ్మిదీ పది దాటాకే సముద్రం గాలి లేస్తది. కాబట్టి ఐదున్నరకి లైట్లు పెట్టుకుని బయల్దేరి పదింటికల్లా మూడొంతులు అయిపోగొడితే అటు పోయినా ఇటు పోయినా ఒకటే. జనవరిలో మంచు పట్టిన రోజు మాత్రం వెలుతురు వచ్చేదాకా హైవే ఎక్కొద్దు, లారీవాడికి మీరు కనపడరు.

ఒంగోలు గిత్త:
తొమ్మిది మంది ఐదున్నరకి బయల్దేరడం మీరు ఎప్పుడన్నా చూశారా సార్? ఒకడు టైరు గాలి చూసుకుంటాడు, ఒకడు ఇంకా బ్యాగు కడతా ఉంటాడు, నిజంగా కదిలేది ఏడింటికే. అందుకే గాలి వెనకుంటే మేలని చెప్పేది.

సంచీ సైకిలమ్మ:
అమ్మాయి కూడా వస్తుంది అన్నారు కాబట్టి చెప్తున్నా, ఎవరూ లేని బీచ్ బాగుంటుంది అని అటు పోకండి. పట్టపుపాలెం, అంటే చేపలు పట్టేవాళ్ల ఊరు, దగ్గర్లో ఉండేట్టు చూసుకుని, సాయంత్రం నాలుగింటికే చేరి, ఊరి పెద్దల్ని అడిగి గుడి దగ్గరో తుపాను షెల్టరు ఆవరణలోనో టెంట్లు వేసుకోండి. బాత్రూం ఏదో ఒక ఇంట్లో వాడుకోనిస్తారు, చేపల పులుసు కూడా డబ్బులిస్తే వండిపెడతారు, మీరు మోసుకెళ్లే నూడుల్స్ కన్నా అది వెయ్యి రెట్లు నయం. ముందే దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో చెప్పి పెడితే రాత్రి గస్తీకి వచ్చినవాళ్లు నిద్రలేపి ప్రశ్నలు వేయరు.

ఇసకలోనే వేస్తాం అంటే మామూలు మేకులు నిలవవు. ఖాళీ గోతాలో గట్టి కవర్లో తెచ్చుకుని ఇసక నింపి, తాడు కట్టి మూరెడు లోతు పాతిపెట్టండి, గాలికి కదలదు. అలల గుర్తు ఎక్కడిదాకా ఉందో చూసి దానికి బాగా పైన వేయండి. జనవరి నుంచి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి, మంటలూ పెద్ద లైట్లూ ఉంటే వెనక్కి తిరిగిపోతాయి కాబట్టి రాత్రి లైట్లు ఆపేయండి. నీళ్లకి మాత్రం అక్కడి బోర్లని నమ్ముకోవద్దు, చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి, కావలి దాటేముందే రెండు క్యాన్లు ఆటోలో వేయించండి.

పెన్నాగట్టు:
అక్కా చాలా థ్యాంక్స్, బాత్రూం సంగతి మాలో ఎవురికీ తట్టలా. సరే, గిత్త అన్న చెప్పినట్టు ఒంగోల్లోనే మొదలుపెడతాం, తుమ్మలపెంటలో ఆగతాం. పండగ ముందర హైదరాబాద్ కార్లతో హైవే నిండిపోతాది కాబట్టి నెలాఖరు శనివారం అనుకుంటుండాం. ఇంకొక్క డౌటు, సామాను మొత్తం టాటా ఏస్‌లోనే వెనక రమ్మని, మేం ఉత్త సైకిళ్లు తొక్కితే ఏమన్నా తప్పా?

ఉప్పుమడుల రోడ్డు:
తప్పేముంది, యాభై దాటినోళ్ల సామాను అందులో ఎయ్యండి. వాళ్ల పేరు చెప్పి కుర్రోళ్లు కూడా ఎయ్యకుండా చూసుకోండి. డ్రైవర్‌కి రాత్రి పడక, భోజనం ముందే మాట్లాడుకోండి, లేదంటే కావలిలో దించేసి పోతాడు.

సంచీ సైకిలమ్మ:
పొద్దున లేవగానే గొలుసు పొడిగుడ్డతో తుడిచి నూనె వేయండి. ఒక్క రాత్రి ఉప్పుగాలికే తుప్పు ఎర్రగా కనపడుద్ది.