కోబాల్ట్ గీతల మీద గ్లేజ్ నిలవడం లేదు

ప్రశ్న:
కుమ్మరి సారె నేర్చుకుని రెండేళ్లయింది. ఈమధ్యే ఎక్కువ వేడి మీద కాల్చే స్టోన్‌వేర్ మట్టికి మారాను. మొన్న ఆరు గిన్నెలు 1000 డిగ్రీల దగ్గర బిస్క్ (పూత వేయకముందు మొదటి కాల్పు) కాల్చి, కోబాల్ట్ ఆక్సైడ్‌ను నీళ్లలో కలిపి కుంచెతో ఆకుల తీగ వేశాను. పైన ట్రాన్స్‌పరెంట్ గ్లేజ్‌లో, అంటే కాలితే గాజులా మారే పూతలో ముంచి కోన్ 6కి, అంటే 1220 డిగ్రీల చుట్టుపక్కల కాల్చాను. కిల్న్ (బట్టీ) తెరిచేసరికి ప్రాణం ఉసూరుమంది. సన్నటి ఈనెలు చక్కగా వచ్చాయి. కాడలు లావుగా గీసిన చోటల్లా గ్లేజ్ రెండు పక్కలకీ తప్పుకుని, తామరాకు మీద నీటిబొట్లలా నిలబడింది. మధ్యలో మసిలాంటి గరుకు చార. రెండు గిన్నెల మీద నేను పెట్టని నీలం చుక్కలు కూడా ఉన్నాయి. మట్టి తప్పా, గ్లేజ్ తప్పా, నా చేతి తప్పా?

జవాబు:
సన్నగీతల మీద నిలిచిన గ్లేజ్ లావుగీతల దగ్గరే తప్పుకుందంటే మట్టినీ గ్లేజ్‌నీ అనుమానించక్కర్లేదండీ. వట్టి ఆక్సైడ్ ఆరాక వేలితో తాకి చూడండి, సుద్దముక్కలా అంటుకుంటుంది. అలాంటి పొడి మీద గ్లేజ్‌కి పట్టు దొరకదు. ఆరేటప్పుడే అక్కడ వెంట్రుకంత పగులు వస్తుంది, కరిగేటప్పుడు గ్లేజ్ ఆ పగులు దగ్గర్నుంచి వెనక్కి లాక్కుంటుంది. నేనూ ఒక కిల్న్ నిండా పోగొట్టుకున్నాకే ఇది బుర్రకెక్కింది.

ఇప్పుడు నేను కోబాల్ట్‌లో అదే గ్లేజ్ పొడి కొంచెం, సీఎంసీ గమ్ (జిగురు పొడి) చిటికెడు వేసి గాజు పలక మీద బాగా నూరతాను. గ్లేజ్ దాన్ని కిందికి అంటిస్తుంది, గమ్ వల్ల కుంచె సాఫీగా నడుస్తుంది. బిస్క్ నీళ్లు పీల్చేస్తుంది కాబట్టి గీత ఒక్క ఊపులో పోవాలి. కాడ బాగోలేదని దాని మీదే మళ్లీ దిద్దారనుకోండి, అక్కడ రంగు రెండింతలు పడుతుంది. మీ నల్లచార అదే అయి ఉంటుంది. గ్లేజ్‌లో కలిపితే నూటికి ఒక పాలే ముదురు నీలం ఇచ్చే సరుకు ఇది, చేయి కాస్త బిగించాలి.

చుక్కలు సరిగ్గా నలగని రేణువులవి. కోబాల్ట్ కార్బొనేట్ మెత్తగా ఉంటుంది, చుక్కలు తక్కువ, కానీ రంగు అంత ఘాటుగా రాదు. ఏది వాడినా పొడి కలిపేటప్పుడు మాస్క్ పెట్టుకోండి.

ఇంకోటి, టెస్ట్ ముక్కల్ని పడుకోబెట్టి కాల్చకండి. నిలబెడితేనే గ్లేజ్ ఎంత జారుతుందో, గీత ఎంత చెదురుతుందో తెలుస్తుంది.

మరో జవాబు:
పైన చెప్పింది సరే, కానీ నాకు బిస్క్ మీద గీయడమే నచ్చదు. కుండ పూర్తిగా ఆరకముందు, గోరు గుచ్చితే గాటు పడి పెచ్చు లేవని దశలో, కోబాల్ట్ కలిపిన స్లిప్‌తో (నీళ్లు కలిపి పలచన చేసిన మట్టితో) గీయండి. బిస్క్‌లో అది కుండతోపాటే కాలి గట్టిపడుతుంది, ఇక గ్లేజ్‌లో ముంచినా లేవదు. ఈనెలు కావాలంటే స్లిప్ మీద సూదితో గీరండి, కుంచెకు అంత పదునైన అంచు రాదు. గీరినప్పుడు లేచిన రజను వెంటనే తుడవకండి, అలుక్కుపోతుంది. ఆరాక మెత్తటి కుంచెతో దులపండి.

అడిగినవారు:
ఇద్దరికీ థాంక్స్. మిగిలిన రంగుని పలక మీద పూసి ఆరాక తాకితే వేలంతా నలుపు! ఒకే ముక్క మీద మూడు కాడలు గీశాను. ఒకటి వట్టి ఆక్సైడ్, ఒకటి గ్లేజ్ కలిపింది, ఒకటి గమ్ కూడా వేసింది. నిలబెట్టి కాల్చాను. మొదటిదాని మీద గ్లేజ్ మళ్లీ విడిపోయింది. మిగతా రెండూ నిలిచాయి, గమ్ వేసినదాంట్లో కుంచె వెంట్రుకల జాడ కూడా కనిపిస్తోంది. స్లిప్ సంగతి ఈసారి చేసే గిన్నెల మీద చూస్తాను. పాడైన వాటిలో ఒకటి మాత్రం పారేయబుద్ధి కాలేదు, కుంచెలు పెట్టుకుంటున్నాను.