ఫామ్‌లో 'రాము' వెళ్తోంది, 'శ్రీలక్ష్మి' వెళ్లట్లేదు. పీహెచ్‌పీ వాలిడేషన్‌లో ఎక్కడ తప్పు?

ప్రశ్న

అందరికీ నమస్తే. ఒక కార్యక్రమానికి పేర్లు నమోదు చేసుకునే ఫామ్ పీహెచ్‌పీలో రాశాను. పేరు, ఈమెయిల్, వెంట ఎంతమంది వస్తున్నారు. ఈ మూడే ఫీల్డులు. హెచ్‌టీఎంఎల్‌లో మూడింటికీ రిక్వైర్డ్ (తప్పనిసరిగా నింపాలి అనే గుర్తు) పెట్టాను. సర్వర్‌లో ఎంప్టీతో ఖాళీయా అని, పేరైతే స్ట్ర్‌లెన్‌తో 30 దాటిందా అని చూస్తున్నాను.

అయినా డేటాబేస్‌లో పేరు లేని వరసలు కనిపిస్తున్నాయి. ఒక్కరే వచ్చేవాళ్లు 0 కొడితే "ఈ ఫీల్డ్ నింపండి" అంటోంది. ఇంకోటి అసలు అంతుపట్టడం లేదు. తెలుగులో రాము అని రాస్తే వెళ్తోంది, శ్రీలక్ష్మి అని రాస్తే "పేరు 30 అక్షరాలు దాటింది" అంటోంది. రెండు రోజులుగా ఇదే టెన్షన్. ఎవరైనా దారి చూపండి.

మొదటి జవాబు

మీ మూడో సమస్య దగ్గర్నుంచే మొదలుపెడతానండి, ఎందుకంటే తెలుగులో ఫామ్ పెట్టే ప్రతి ఒక్కరికీ ఇది తగులుతుంది. నాకూ తగిలింది. స్ట్ర్‌లెన్ లెక్కపెట్టేది అక్షరాలను కాదు, బైట్లను. యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. శ్రీలక్ష్మి కంటికి మూడక్షరాలే. లోపల మాత్రం శ, పొల్లు, ర, దీర్ఘం, ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి... మొత్తం 11 గుర్తులు, అంటే 33 బైట్లు. రాము 4 గుర్తులు, 12 బైట్లు. అందుకే ఒకటి వెళ్లి ఇంకోటి ఆగింది. బైట్లను కాక గుర్తులను లెక్కపెట్టే ఎంబీ_స్ట్ర్‌లెన్ వాడి, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చెప్పండి, 11 వస్తుంది.

పేరులో అక్షరాలే ఉండాలని రెగెక్స్ (ఏ గుర్తులు ఒప్పుకోవాలో చెప్పే నమూనా) పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే ఆగండి. ఏ నుంచి జెడ్ వరకు అని రాస్తే తెలుగు పేరు ఒక్కటీ దాటదు. యూనికోడ్‌లో 'అక్షరం' అనే వర్గం ఒక్కటే పెట్టినా చాలా పేర్లు దాటవు, గుణింతాలూ పొల్లూ 'మార్క్' అనే వేరే వర్గంలో ఉంటాయి. రాజ్‌కుమార్ లాంటి పేరు మధ్యలో అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనపడని నాన్-జాయినర్ గుర్తు కూడా ఉంటుంది. మనిషి పేరు ఎలా ఉండాలో మనం తేల్చకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఖాళీగా లేదు, మరీ పొడుగు లేదు, చాలు.

పేరు లేని వరసల్లో ఒకదాన్ని దగ్గరగా చూడండి, స్పేస్ ఉండి ఉంటుంది. ఒక్క స్పేస్ కొట్టినా రిక్వైర్డ్ ఒప్పుకుంటుంది, ఎంప్టీ కూడా ఒప్పుకుంటుంది. ముందు ట్రిమ్ చేసి (అటూ ఇటూ ఉన్న స్పేస్‌లు తీసేసి), ఫలితం ఖాళీ స్ట్రింగా అని చూడండి. అసలు బ్రౌజర్‌తో పని లేకుండా కర్ల్ అనే కమాండ్‌లైన్ టూల్‌తో నేరుగా మీ స్క్రిప్టుకి ఏదైనా పంపొచ్చు. రిక్వైర్డ్ అనేది ఫామ్ నింపేవాళ్ల సౌకర్యం కోసం, మన కాపలా అంతా సర్వర్‌లోనే.

0 సంగతి: ఎంప్టీ దృష్టిలో "0" కూడా ఖాళీయే. ఫిల్టర్_వార్‌తో పూర్ణాంకమా అని చూడండి, కనిష్ఠం 0, గరిష్ఠం మీ ఇష్టం.

అడిగినవారు

చాలా థాంక్సండి! పేరు లేని వరసలో నిజంగానే ఒక స్పేస్ ఉంది. శ్రీలక్ష్మి కూడా వెళ్లింది. కానీ ఫిల్టర్_వార్ పెట్టాక కూడా 0 కొడితే తప్పనే అంటోంది. ఫలితం ముందు ఆశ్చర్యార్థకం ('కాదు' అనే గుర్తు) పెట్టి ఇఫ్ రాశాను.

మొదటి జవాబు ఇచ్చినవారు

తప్పు ఆ ఆశ్చర్యార్థకం దగ్గరే. సరైన 0 వచ్చినా ఫిల్టర్_వార్ తిరిగిచ్చేది 0 అంకె, తప్పు విలువ వస్తే ఫాల్స్. ఆశ్చర్యార్థకానికి రెండూ ఒకటే. మూడు సమానాల గుర్తులతో, ఫలితం అచ్చంగా ఫాల్సేనా అని పోల్చండి.

ఇంకొకరు

పైన చెప్పినవన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒకటి కలుపుతాను. ఎవరైనా ఫీల్డ్ పేరు చివర చతురస్ర బ్రాకెట్లు తగిలించి పంపితే మీ చేతికి స్ట్రింగ్ బదులు అర్రే (విలువల జాబితా) వస్తుంది. దాన్ని ట్రిమ్‌కి ఇస్తే పీహెచ్‌పీ 8లో టైప్ఎర్రర్‌తో స్క్రిప్ట్ ఆగిపోతుంది. ముందు ఇజ్_స్ట్రింగ్ చూడండి.

డేటాబేస్‌కి ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌తోనే (విలువలను ఆదేశంలో కలపకుండా విడిగా ఇచ్చే పద్ధతి) పంపండి. హెచ్‌టీఎంఎల్ గుర్తులను మామూలు అక్షరాలుగా చూపేలా మార్చే హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ మాత్రం దాచేటప్పుడు వద్దు, పేజీలో చూపించేటప్పుడు వాడండి. తప్పు వచ్చి ఫామ్ మళ్లీ చూపిస్తూ పాత విలువలు నింపుతారు కదా, అక్కడ కూడా. సేవ్ అయ్యాక 303 రీడైరెక్ట్ (బ్రౌజర్‌ని వేరే పేజీకి పంపడం) ఇవ్వండి, లేకపోతే రిఫ్రెష్ కొట్టినప్పుడు అదే ఫామ్ మళ్లీ వెళ్లి అదే పేరు రెండుసార్లు పడే అవకాశం ఉంది.

అడిగినవారు

మూడు సమానాలతో 0 వెళ్లింది. రీడైరెక్ట్ కూడా పెట్టాను. నిజమే, రెండేసి సార్లు పడిన పేర్లు నాలుగు దొరికాయి, తీసేస్తున్నాను.