మిన్నీ ట్రాక్షన్ ఇంజన్ మొదలుపెడుతున్నా: చక్రాలు ముందా, బాయిలర్ ముందా?

రాగిచెంబు:
అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో లెస్టర్‌లో ఉంటాను, గరాజ్‌లో చిన్న లేత్ (180 మి.మీ. స్వింగ్, అంటే అంత వ్యాసం దాకా తిప్పగలదు), ఒక చిన్న మిల్లింగ్ మెషీన్ ఉన్నాయి. ఇక్కడ ఎండాకాలం స్టీమ్ ర్యాలీల్లో ఫౌలర్, బరెల్ కంపెనీల పాత ట్రాక్షన్ ఇంజన్లు (రోడ్డు మీద నడిచే ఆవిరి బండ్లు) చూశాక ఇంక మనసాగక మిన్నీ అనే చిన్న మోడల్ డ్రాయింగులు కొనేశా, 1 అంగుళం స్కేల్, అంటే అసలు బండిలో పన్నెండో వంతు. వెనక చక్రం 150 మి.మీ. అటూఇటూ కాబట్టి నా లేత్ మీద పడుతుంది, అందుకే చక్రాలతో మొదలెట్టి బాయిలర్ ఆఖర్న చూద్దామనుకుంటున్నా. రాగి బ్రేజింగ్ (వేరే లోహం కరిగించి అతకడం) ఎప్పుడూ చెయ్యలేదు, రెడీమేడ్ బాయిలర్ కొనడమే మంచిదా? చేసినవాళ్ళు కొంచెం చెప్పండి అన్నా.

గోదారి_డెర్బీ:
తమ్ముడూ, చక్రాలు ఎప్పుడైనా చేసుకోవచ్చు, ముందు బాయిలర్ సంగతి తేల్చుకో. రైలింజన్‌కి ఫ్రేమ్ ఉంటుంది, బాయిలర్ దానిమీద కూర్చుంటుంది. ట్రాక్షన్ ఇంజన్‌కి విడిగా చాసిస్ ఏదీ లేదు, బాయిలరే చాసిస్. సిలిండర్ ఉండేది బ్యారెల్ (బాయిలర్ గుండ్రటి గొట్టం) వీపు మీద, ముందు ఇరుసు స్మోక్‌బాక్స్ (పొగ చేరే ముందరి పెట్టె) కింద, క్రాంక్‌షాఫ్ట్, వెనక ఇరుసు ఫైర్‌బాక్స్ (బొగ్గు మండే పెట్టె) పక్కనుంచి పైకి లేచే హార్న్‌ప్లేట్లనే పక్క పలకల్లో. బ్యారెల్ ఫైర్‌బాక్స్‌కి ఒక్క పిసరు వంకరగా అతుక్కుందనుకో, సిలిండర్ సెంటర్ లైన్ క్రాంక్‌కి తిన్నగా రాదు, పిస్టన్ రాడ్ పట్టేస్తుంది. అందుకే మిగతా కొలతలన్నీ బాయిలర్ చేతికొచ్చాక దానిమీదే చూసుకోవాలి.

సొంతంగా చెయ్యొచ్చు, భయపడక్కర్లేదు. రాగి ప్లేట్‌ని మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్ళలో ముంచితే మెత్తబడుతుంది, ఫార్మర్ (ఆకారం ఇచ్చే అచ్చు) మీద పెట్టి అంచు మడుస్తూ కొడుతుంటే కాసేపటికి మళ్ళీ గట్టిపడుతుంది, సుత్తి మోత మారి చేతికి ఎదురుతన్నడం మొదలవగానే ఆపేసి మళ్ళీ కాల్చాలి. అక్కడ మొండిగా కొడితే మూలల్లో చీలుతుంది. బుష్‌లు (వాల్వులు, గేజులు బిగించే మరల రింగులు) ఇత్తడివి వద్దు, వేడి నీళ్ళకి అందులో జింక్ పోయి గుల్లబారుతుంది, ఫాస్ఫర్ బ్రాంజ్ గానీ గన్‌మెటల్ గానీ వాడు.

ఇంకోటి, రాగి కొనకముందే దగ్గర్లో ఉన్న మోడల్ ఇంజనీరింగ్ క్లబ్‌లో చేరి బాయిలర్ ఇన్‌స్పెక్టర్‌కి డ్రాయింగ్ చూపించు. ఆయన మధ్యమధ్యలో కూడా చూస్తానంటారు, అంతా మూసేశాక లోపలి స్టేల (ప్లేట్లని పట్టి ఉంచే కడ్డీల) అతుకులు ఎవరికీ కనపడవు కదా.

బాలానగర్_ఫిట్టర్:
భలే ప్రాజెక్ట్ సార్. నేను హైదరాబాద్‌లో ఇలాంటిదే చేద్దామని చూస్తున్నా, రాణిగంజ్‌లో రాగి పైపు, షీటు దొరుకుతాయి. మన దగ్గర 25 లీటర్ల లోపు బాయిలర్‌కి బాయిలర్స్ యాక్ట్ వర్తించదు కాబట్టి ఆ తలనొప్పి లేదు. కానీ సిల్వర్ సోల్డర్ (వెండి కలిసిన అతుకు లోహం) రేటు చూస్తే గుండె ఆగుతోంది, ఏసీ మెకానిక్‌లు రాగి పైపులకి వాడే చౌక రాడ్లతో కానిచ్చెయ్యొచ్చా? గట్టిగానే అతుకుతాయి కదా.

గోదారి_డెర్బీ:
వద్దు బ్రదర్, దయచేసి ఆ పని చెయ్యకు. ఆ రాడ్లలో ఫాస్ఫరస్ ఉంటుంది. బొగ్గు పొగలో ఉండే గంధకం ఆ వేడికి అతుకుని తినేస్తుంది, అదీ ఫైర్‌బాక్స్ లోపల, నీకు కనపడనిచోట. 55 శాతం వెండి ఉన్న సోల్డర్ వాడు, 630-660 డిగ్రీల మధ్య కరిగి సందులోకి తనే పాకుతుంది. ఖర్చు ఎక్కువే, కానీ ఇక్కడ మిగిల్చే డబ్బు మనకొద్దు. చట్టం వర్తించకపోయినా టెస్ట్ మాత్రం తప్పదు. కొత్త బాయిలర్‌ని పని చేసే ప్రెషర్‌కి రెట్టింపు పెట్టి చూడాలి, 80 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) అయితే 160. అదీ నీళ్ళతోనే. నీళ్ళు నొక్కుకుపోవు కాబట్టి అతుకు ఊడినా చుక్కలు కారి ప్రెషర్ పడిపోతుంది. కంప్రెసర్ గాలితో అస్సలు చెయ్యొద్దు, ఊడితే బాంబే.

రాగిచెంబు:
చాలా థ్యాంక్స్ అన్నా, అయితే శనివారం క్లబ్‌కి వెళ్తా. ఒకే ఒక్క డౌటు, నా దగ్గరున్న చిన్న ప్రొపేన్ టార్చ్ సరిపోతుందా?

గోదారి_డెర్బీ:
బుష్‌లకి సరిపోతుంది, బాయిలర్‌కి చాలదు. రాగి వేడిని క్షణాల్లో అంతటా లాగేస్తుంది. పెద్ద బర్నర్ తీసుకుని, చుట్టూ ఫైర్‌బ్రిక్స్ పేర్చి, ముందు మొత్తం బాయిలర్‌ని వేడెక్కించు, రెండో మనిషి ఇంకో టార్చ్‌తో వెనకనుంచి వేడి పడిపోకుండా చూస్తుండాలి. ఆక్సీ-ఎసిటిలీన్ జోలికి ఇప్పుడే పోకు, ఒక్కచోట ఆగితే ప్లేటే కరిగిపోతుంది. డెర్బీ నీకు దగ్గరే, అతికే రోజు చెప్పు, నా బర్నర్ తీసుకుని వస్తా.