సంగీతం నేర్చుకునే పిల్లలకు ట్యూనర్ యాప్ పెట్టాలా, వద్దా?

ఎంవీపీ అమ్మ:
మా పాపకి ఏడేళ్లు. కర్ణాటక సంగీతంలో మొదటి పాఠాలు, సరళీ వరుసలు పాడుతోంది. మావారు ఫోన్‌లో స్వరం సరిగ్గా ఉందో లేదో ముల్లుతో చూపించే ట్యూనర్ యాప్ పెట్టి, ముల్లు మధ్యలోకి వచ్చేదాకా ఒక్కో స్వరం పాడిస్తున్నారు. టీచర్ గారు అది తీసేయమన్నారు. ఇంట్లో రోజూ ఇదే వాదన. మీరేమంటారు?

గాజువాక వయొలిన్:
తీసేయక్కర్లేదండీ. క్లాసు వారంలో ఒకటి రెండు రోజులే. మిగతా రోజుల్లో షడ్జమం (‘స’) జారితే చెప్పేదెవరు? నేను షిఫ్టు డ్యూటీలు చేసుకుంటూ పెద్దయ్యాక మొదలుపెట్టినవాణ్ణి. తీగలు శ్రుతి చేసుకోవడం నాకు ఆ యాప్‌తోనే అలవాటైంది.

వీణమెట్లు:
తీగలకు సరే, గొంతుకు మాత్రం వద్దు. సరళీ వరుసలు మాయామాళవగౌళ రాగంలో పాడతాం. అందులో ‘గ’ అంతర గాంధారం. తంబూరాని బాగా శ్రుతి చేసి మీటితే మంద్ర షడ్జమం (కింది ‘స’) తీగలోంచి ఆ గాంధారం దానంతటదే పలుకుతుంది. స్వయంభూ గాంధారం అంటారు. షడ్జమంతో దాని నిష్పత్తి 5:4, అంటే సుమారు 386 సెంట్లు (స్వరాల మధ్య దూరానికి కొలత). మామూలు ట్యూనర్ స్థాయిని, అంటే ‘స’ నుంచి పై ‘స’ దాకా ఉన్న దూరాన్ని, 12 సమాన భాగాలు చేస్తుంది, భాగానికి 100 సెంట్లు. దాని లెక్కలో గాంధారం 400 దగ్గరుండాలి. పాప తంబూరాతో చక్కగా కలిపి పాడితే, 14 సెంట్లు తగ్గిందని చూపిస్తుంది. సరిగ్గా పాడిన పిల్లని దిద్దుతున్నామన్నమాట! పంచమం (‘ప’) దగ్గర తేడా 2 సెంట్లే కాబట్టి ఈ సంగతి చాలామంది దృష్టికి రాదు.

గాజువాక వయొలిన్:
14 సెంట్లు ఏడేళ్ల పిల్లకి తెలుస్తాయా? ఆ వయసులో గొంతే అంతకంటే ఎక్కువ ఊగుతుంది. 50 సెంట్లు జారినా పట్టించుకునేవాళ్లు లేకపోవడం కంటే యాప్ నయం కదా.

వీణమెట్లు:
సెంట్లు తెలియవు, కలిసిందో లేదో తెలుస్తుంది. స్వరం దగ్గరగా వచ్చి కూడా కలవకపోతే శబ్దం అలలుగా కొట్టుకుంటుంది, కలిస్తే ఆగిపోతుంది. ఆ ఆగడాన్ని పట్టుకోవడమే చెవి సాధన. ముల్లు చూస్తున్నంతసేపూ పిల్ల అది వినదు. పక్కనే విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టాక ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ వయొలిన్ నేర్పారు. మెట్లు కూడా లేని వాద్యం, చెవి తప్ప వేరే ఆధారం లేదు.

అమ్మా, ఇలా చేసి చూడండి. తంబూరా పెట్టి ‘స’ పట్టించండి. తంబూరా ఆపి స, ప, స పాడించి, మళ్లీ పెట్టండి. జారిందో లేదో పాపే చెప్పాలి, మీరు తొందరపడి చెప్పొద్దు. విశాఖ కళాభారతి ఆడిటోరియంలో కచేరీ ఉంటే కాస్త ముందే తీసుకెళ్లండి. మృదంగం వాళ్లు శ్రుతి కలుపుకోవడం వింటే చాలా పట్టుబడుతుంది.

ఎంవీపీ అమ్మ:
మావారికి ఇది చదివి వినిపించాను, సరేనన్నారు. ఒక్క సందేహం. టీచర్ గారిది 5 శ్రుతి (‘స’ ఎంత ఎత్తులో పెట్టుకోవాలో చెప్పే అంకె). పాపకి ఇంట్లో 5½ పెట్టొచ్చా?

వీణమెట్లు:
కింది పంచమం, పై షడ్జమం రెండూ అరవకుండా అందితే పెట్టండి. టీచర్ గారికి ఒక మాట చెప్పి.