సమస్య: చెడ్డి పైన వేసి చేసె మేలు

గంటస్తంభం (నిర్వాహకుడు):
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. విజయనగరం, శ్రీకాకుళం సభ్యులు చిన్నప్పుడు చదివిన బొమ్మల పుస్తకాల్లో చెడ్డీ పైకి తొడుక్కునే వీరులను తలచుకుని మిగతా మూడు పాదాలూ పూరించాలి. ఇంద్రజాల్ కామిక్స్ 1964లో మొదలై 1990లో ఆగిపోయాయి. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవడం మనలో చాలామందికి అలవడింది అద్దెకు తెచ్చుకున్న ఆ పుస్తకాలతోనే. నవ్వించండి, కానీ గణాలతో ఆటలొద్దు.

నాగావళి:
పేరు మార్చి వార్త పేపరందున రాసి
కళ్ళజోడు తీసి గగన మెక్కి
ఊరు కాని యూర నుక్కు మనిషి యౌచు
చెడ్డి పైన వేసి చేసె మేలు

గంటస్తంభం:
సూపర్‌మాన్ అన్నమాట! డైలీ ప్లానెట్ పత్రికలో ఉద్యోగం, కళ్ళజోడు, ఊరు కాని ఊరు (గ్రహం కాని గ్రహం అనాలేమో!) అన్నీ ఇమిడాయి. ‘ఎక్కి’ తరువాత ‘ఊరు’ రావడంతో విసంధి (కలవాల్సిన చోట సంధి కలపకపోవడం) అయింది. ‘యూరు కాని యూర’ అనండి, యతికి ఢోకా లేదు. ‘యౌచు’ కాళ్లు చాలక పెట్టిన పీట. ‘ఉక్కు మనిషిగాను’ నయం.

బొంకులదిబ్బ:
ఒక చిక్కుంది మాస్టారూ. 2011లో సూపర్‌మాన్ దుస్తులు మార్చినప్పుడు ఆ ఎర్ర చెడ్డీని తీసేశారు. యాక్షన్ కామిక్స్ వెయ్యో సంచికతో 2018లో తిరిగి తొడిగారు. నడుమ ఏడేళ్ల సూపర్‌మాన్‌కు ఈ సమస్య చెల్లదు.

గంటస్తంభం:
మనం చదివినవాడు 1938 నాటి వాడి వారసుడే. చెల్లుతుంది.

వంశధార:
ఆమదాలవలస స్టేషన్లో రైలు ఆలస్యమైతే నాన్న కొనిచ్చే పుస్తకంలో నాకు ఫాంటమే కావాలి.

గుర్రమెక్కి వచ్చె గుహనుండి ఫాంటము
ముద్ర వేసె దొంగ మూతి మీద
పుర్రె గుర్తు చూసి పోటుగాండ్రు వణక
చెడ్డి పైన వేసి చేసె మేలు

గంటస్తంభం:
రెండో పాదం ఈ వారానికే మకుటం. పుర్రె ఉంగరం గుద్దు దవడ మీద పడేది గాని, యతి కోసం మూతిని ఒప్పుకుందాం. పద్యంలో గుర్రం ఉంది, గుహ ఉంది, ఆయన తోడేలు డెవిల్ లేదు. అసలు సమస్య చెడ్డీ గురించి కదా, ఫాంటం చెడ్డీకి చారలుంటాయి. వాటినెలా మరిచారు?

రణస్థలం:
నేను కొత్త. బ్యాట్‌మాన్ మీద మొదటి పాదం మాత్రం కుదిరింది: ‘గబ్బిలమ్ము వోలె రాత్రి గాలించి’. సరేనా గురువు గారూ?

గంటస్తంభం:
కుదరలేదు బాబూ. ‘గ’కు ‘రా’తో యతి లేదు. ‘రాత్రిగా’ నాలుగో గణమైతే మిగిలిన ‘లించి’ ఇంద్రగణం కాదు. ‘గబ్బిలమ్ము వోలె గాలించి యూరెల్ల’ అని చూడండి. తక్కిన రెండు పాదాలూ మీరే రాయాలి, నేను రాయను.

బొంకులదిబ్బ:
సూపర్‌మాన్‌ను సృష్టించిన సీగెల్, షూస్టర్ అతనికి చెడ్డీ పైన తొడిగింది సర్కస్ వస్తాదుల వేషం చూసే. సర్కస్ వస్తాదు అంటే మనకు ఎవరు గుర్తుకు రావాలి? వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన కలియుగ భీముడు!

గుండె గొలుసు తెంచి కోడి రామ్మూర్తియే
యేనుగెక్క రొమ్ము నెదురు నిలిపి
సర్కసందు నాడె చాటి బలము తాను
చెడ్డి పైన వేసి చేసె మేలు

గంటస్తంభం:
ఊహకు పూర్తి మార్కులు. గొలుసు తెంపడం, ఏనుగును రొమ్ము మీద మోయడం ఆయన ప్రదర్శనలే. యతులూ శుభ్రం. కానీ బలం చాటడం సరే, ‘మేలు’ ఎక్కడ? సమస్యలో చివరి మాట గాలిలో వేలాడుతోంది. ‘తాను’ కూడా దండగ.

అరసవల్లి:
అందరూ ‘పైన’ అంటే వెలుపల అనుకున్నారు. నా దారి వేరు.

తుండుగుడ్డ కట్టి దూకితి గోడెక్కి
చినిగె వెనుక వైపు సిగ్గు పుట్టె
అమ్మ సూది తెచ్చి యతుకు ముక్క నొకటి
చెడ్డి పైన వేసి చేసె మేలు

వంశధార:
భలే! మా వీధిలో తుండుగుడ్డ కట్టుకుని దూకని పిల్లవాడు లేడు. చెయ్యి విరిగినవాడూ ఉన్నాడు.

గంటస్తంభం:
పూరణ అంటే ఇది. సమస్యలో ఒక్క అక్షరం మారకుండా అర్థం తిరగబడింది. హీరో పేరు కూడా ఎత్తలేదు.

నాగావళి:
మాస్టారూ, నా ‘ఎక్కి ఊరు’ తప్పయితే ‘పుట్టె అమ్మ’ ఎలా ఒప్పయింది? విజయనగరానికో న్యాయం, శ్రీకాకుళానికో న్యాయమా?

గంటస్తంభం:
ఇద్దరూ శ్రీకాకుళం వాళ్లే కదండీ! మీ వాక్యం ‘ఎక్కి’ దగ్గర ఆగలేదు, ముందుకు నడుస్తోంది. ఆయన వాక్యం ‘పుట్టె’తో ముగిసింది. అక్కడ విరామం ఉంది కాబట్టి చూసీచూడనట్టు వదిలాను. పట్టుబడితే ‘పుట్టె నమ్మ’ అనాలి. చదివేవాళ్లు అమ్మ ఎక్కడని వెతుక్కుంటారు.

ఈ వారం మొదటి స్థానం అరసవల్లికి, రెండోది వంశధారకు. రణస్థలం గారి బ్యాట్‌మాన్ కోసం ఆదివారం దాకా ఆగుతాం. వచ్చే వారం సమస్య: ‘సాలెపురుగు కుట్ట సాధువయ్యె’. స్పైడర్‌మాన్ అసలు పేరు పీటర్ పార్కర్ ఎత్తితే పద్యం తీసేస్తాను.